కాలువ వైపు గుంజిన కారు

పోయిన నెల ఒక పెళ్ళి చూసుకొని నందికొట్కూరు నుంచి కర్నూలుకు బస్సులో వస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. కిటికీ రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమనేంత ఎండ. ఆ దారిలో ఒక చోట రోడ్డు కేసీ కాలువను ఒరుసుకుంటూ పోతుంది. రోడ్డుకూ నీళ్ళకూ మధ్య కాసిని తుమ్మచెట్లు తప్ప అడ్డమేమీ ఉండదు. బస్సు అక్కడికి రాగానే, అప్పటిదాకా నా భుజం మీద వాలి జోగుతున్న పెద్దమనిషి ఎవరో తట్టి లేపినట్టు లేచి, కిటికీలోంచి వేలు చూపిస్తూ ముందు సీటులోని కుర్రవాడికి కథ మొదలుపెట్టాడు. "ఈడనేప్పా. ఈ తుమ్మచెట్ల కాడనే. కాలువలో పడి సచ్చిన దొరసాని ఒగ డ్రైవరు సాయిబును పట్టుకున్యాది. వాడు స్టీరింగు మింద చెయ్యేస్తే సాలు, దాని మింద ఆమె చెయ్యి. ఇంటి రెడ్డిని కారుతో సహా కాలువలోకి తోసినాడు. ఆ పొద్దు నుంచి సచ్చేదాంక ఆమెతోనే కాపురం చేసినాడంట, పెండ్లాం ఇంట్లో ఉండంగానే." కుర్రవాడు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, ఆ సాయిబు ఎడమ చెయ్యి ఎండాకాలంలో కూడా తడిగానే ఉండేదంట అని తన వంతు ముక్క ఒకటి కలిపాడు. కర్నూలు వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

ఆ కారు మా చిన్నాయనది. ఆ సాయిబును నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆ కారు ముందుభాగం మొత్తం విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించింది నేను. ఆ స్టీరింగు మీద పడిన చెయ్యి ఎవరిదో తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నది నేనొక్కణ్ణే. అందుకని ఇది రాస్తున్నాను.

మా నాయన చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది చిన్నాయన. ఊళ్ళో పెద్ద రైతు. మనిషి కంటే ముందు తలపాగా కనిపించేది. ఆయనకు ఆ కారు ఎలా వచ్చిందంటే, కాలువ మీద ఇంజనీరుగా పనిచేసిన ఒక దొర యుద్ధం రోజుల్లో దేశం వదిలి పోతూ, అడిగినవాడికి అడిగినంతకు ఇచ్చేశాడు. అడిగినవాడు మా చిన్నాయన ఒక్కడే. మిగతావాళ్ళు అడగకపోవడానికి కారణం ఉంది. దొరగారి భార్య ఒక మధ్యాహ్నం తానే కారు తోలుకుంటూ కాలువ కట్ట మీదికి పోయిందట. సాయంత్రానికి వెతుక్కుంటూ పోయినవాళ్ళకు కారు కనిపించింది. తలుపు తెరిచి ఉంది, ఇంజను ఆడుతూనే ఉంది, సీటు మీద ఆమె చేతి తొడుగు ఒకటే ఉంది. రెండోది గానీ, ఆమె గానీ ఎప్పటికీ దొరకలేదు. కాలువలో నీళ్ళు ఆ రోజు మోకాలి లోతు కూడా లేవని చెప్పేవాళ్ళు. నిజమో కాదో నాకు తెలియదు. తెరిచిన తలుపు, ఆడుతున్న ఇంజను మాత్రం ఎవరు చెప్పినా మారేవి కావు.

నల్లటి కారు. ముందు దీపాలు గుడ్లగూబ కళ్ళలా ఉండేవి. లోపల పాత తోలు వాసన, పొగాకు వాసన, వాటి వెనక ఇంకేదో తడి వాసన. తెచ్చిన కొత్తలో కొన్నాళ్ళు తిరిగి, ముందుభాగం కుంగిపోయి, తర్వాత మా గొడ్లచావిట్లో నిలబడిపోయింది. వెనక సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. మా జేజి, అంటే చిన్నాయన తల్లి, గుడ్లు పొదిగి పిల్లలు లేచేదాకా ఆ తలుపు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఆ ఇంటి కోడిపిల్లలన్నీ కొన్నేళ్ళపాటు తోలు సీటు మీద పుట్టినవే. అయితే ముందు సీటు మీద, స్టీరింగు ఉన్న వైపు, ఒక్క కోడి కూడా ఎక్కగా నేను చూడలేదు.

ఇంతలో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు ఇళ్ళు చాలక డేరాలు వేశారు. చిన్నాయనకు నిద్ర పట్టలేదు. "మంత్రులంతా మన కర్నూల్లో డేరాల్లో కూసోని ఉండారు. నేను పోయి ఎద్దులబండిలో దిగితే ఏం బాగుంటాదిలే?" అని నన్ను కూర్చోబెట్టి అడిగాడు. నేను అప్పటికి మద్రాసులో ఒక మోటారు షెడ్డులో పని నేర్చుకొని ఊరికి వచ్చి, ఏం చేయాలో తోచక తిరుగుతున్నాను. "దాని ముందరి భాగం కొత్తదాని మాదిరి చెయ్యి. కర్నూల్లో నీకు షెడ్డు పెట్టిస్తా" అన్నాడు. నా బతుకంతా ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉందని అప్పుడు అనుకున్నాను. నిజానికి ఆధారపడింది ఇంకొకరి బతుకు.

డ్రైవరు మామ అప్పుడే వచ్చాడు. బర్మాలో మిలిటరీ లారీలు తోలిన మనిషి. తిరిగి వచ్చాక డోనులో శనగకాయల లారీలు తోలేవాడు. చిన్నాయన మాట మీద మా ఊరికి కాపురం తెచ్చుకున్నాడు. తాగుడు లేదు, బీడీ లేదు. బండి తీసేముందు బానెట్టు మీద అరచెయ్యి పెట్టి బిస్మిల్లా అనుకొని, తర్వాత ఆ చెయ్యి తన గుండె మీద పెట్టుకునేవాడు. ఆయన చక్రం పట్టుకుంటే కళ్ళం చుట్టూ తిరిగే ఎద్దుకు కూడా బెదురు ఉండదని జేజి అనేది. వరస కలుపుకొని నేను అల్లుణ్ణి, ఆయన మామ, ఆయన భార్య అత్త అయ్యాం. మద్రాసు కబుర్లు చెబుతూ ఆయన ఇంటి అరుగు మీద నేను తిన్న జొన్నరొట్టెలకు లెక్కలేదు. "అల్లుడు మద్రాసు పోయి నేర్చుకున్యాది మాటలా, మోటార్లా?" అని అత్త వేళాకోళం చేసేది.

పని మొదలుపెట్టాం. ఆ కారు ముందు చక్రాల మధ్య ఒక లావు ఇరుసు ఉండేది. దాని మీద ఇటొకటి అటొకటి, కారు బరువు మోసే కమాను పట్టీల కట్టలు. అవి వంపు పోయి పడుకొనిపోయాయి. చక్రం పట్టుకొని ఊపితే, చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగు పిన్నులు లొటలొటమనేవి. గతుకుల్లో ఎగురు ఆపడానికి పాతకాలపు తోలుబిళ్ళల ఏర్పాటు ఒకటి ఉండేది గాని, ఆ తోలు ఎలుకలు తినిపోయాయి. కమ్మరి కొలిమిలో పట్టీలు ఒక్కొక్కటే ఎర్రగా కాల్చి, కొత్త వంపు తీసి, శనగనూనె తొట్టిలో ముంచాం. ఆ వాసనకు, రెడ్డిగారింట్లో నిప్పట్లు కాలుస్తున్నారేమోనని వీధిలో ఆడవాళ్ళు తొంగిచూసేవాళ్ళు. కట్టకు ఒక పట్టీ అదనంగా వేశాం. కొత్త కింగు పిన్నులు, ఇత్తడి బుష్షులు లేతు మీద తీయించుకొచ్చాను. తోలుబిళ్ళల బదులు మద్రాసు పాత ఇనుము అంగళ్ళ నుంచి నూనెతో పనిచేసే షాకబ్జర్లు తెప్పించాను. ఏదో మిలిటరీ బండివి. వాటిని బిగించాలంటే ఇరుసుకు కొత్త పట్టు కట్టాలి. అదీ కట్టాను. ఇంత గొప్ప పని ఈ జిల్లాలో ఎవరూ చేయలేదని నాకు గట్టి నమ్మకం.

ఇక్కడ ఒక చిన్న వస్తువు గురించి చెప్పాలి. కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య అరచెయ్యంత ఇనుప బిళ్ళ ఒకటి కూర్చుంటుంది. ఒక అంచు మందం, ఇంకో అంచు పలచన. ఆ బిళ్ళ వల్లే ఇరుసు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు ఉన్నందుకే చక్రాలు తిన్నగా పోతాయి, తిప్పి వదిలితే మళ్ళీ తిన్నగా వస్తాయి. బిళ్ళ మధ్యలో బోల్టుకు బొక్క ఉంటుంది కాబట్టి ఎటు తిప్పి పెట్టినా చక్కగా బిగుసుకుంటుంది. అందుకే విప్పిన రోజునే రెండు బిళ్ళలకూ పలచని అంచు మీద ఎర్రరంగు చుక్క పెట్టుకున్నాను. చుక్క ఉన్న అంచు ముందుకు రావాలి. మద్రాసులో నేర్చుకున్న పద్ధతే అది.

అన్నీ విప్పి పరిచి ఉండగా దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మా ఇంట్లో కొడవలి నుంచి సూది దాకా ఇనుమన్నదాన్నంతా కడిగి బొట్టు పెట్టేవాళ్ళు. ఆ రోజు ఇనుముతో పని చేయకూడదు. జేజి చావిట్లోకి వచ్చి నా సామాను చూసి, "అయ్యో, ఇంత ఇనుమును ఇట్ల పండబెట్టినావే, దీనికి పండగ వద్దా?" అంది. నేను స్నానానికి పోయి వచ్చేసరికి నా బోల్టులు, పట్టీలు, బుష్షులు అన్నీ చింతపండుతో తోమి, కిరసనాయిలుతో తుడిచి, ఉతికిన పంచె మీద తూర్పుముఖంగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదానికి పసుపు, నూనెలో తడిపిన కుంకుమ. నట్టుకు కూడా బొట్టు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. షాకబ్జర్లకు బొట్టు పెడుతూ జేజి, "వీండ్లు మన ఊరోళ్ళు గాదు, కొంచెం పెద్దది పెడదాం" అందని డ్రైవరు మామ చాలా రోజులు చెప్పుకొని నవ్వేవాడు.

పండగ మరుసటి రోజు నుంచే చిన్నాయన తొందర. ఎవరో మంత్రిని చూడాలి, వారంలో కారు నడవాలి. బిళ్ళలు చేతికి తీసుకున్నప్పుడు వాటి మీద ఎర్రచుక్క ఉంది. చుక్క ముందుకు పెట్టి బిగించాను. వాలు కొలిచి చూసుకొనే సాధనం ఒకటి ఉంటుంది. మద్రాసులో అది చూడకుండా మేస్త్రీ బండి వదిలేవాడు కాదు. నా దగ్గర లేదు, తెప్పించే ఓపికా లేదు. చుక్క ఉంది కదా అనుకున్నాను.

మొదట్లో కారు బంగారంలా నడిచింది. కొత్త పిన్నులు బిగువుగా ఉండి స్టీరింగు ఎటు తిప్పితే అటే నిలిచేది. గతుకుల మీద పడవలా తేలిపోతుంటే చిన్నాయన వెనక సీటులో తలపాగా సర్దుకుంటూ మీసం దువ్వుకునేవాడు. పిన్నులు కొంచెం వదులై పనిలో పడ్డాక మొదలైంది. ఒక రోజు మామ కర్నూలు నుంచి వచ్చి, కారు చావిట్లో పెట్టి, చాలాసేపు దిగలేదు. పోయి అడిగితే, "ఏం లేదు అల్లుడా. పోయేటప్పుడు తుమ్మచెట్ల కాడ బండి కాలువ దిక్కు సూసింది" అన్నాడు. అదే మాట. గుంజింది అనలేదు, చూసింది అన్నాడు.

రెండోసారి, మూడోసారి కూడా అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తీసుకుపోయాడు. మధ్యాహ్నం. రోడ్డు మీద మనిషి లేడు. ఎండకు కాలువ నీళ్ళు గాజుముక్కలా మెరుస్తున్నాయి, గాలి లేదు, తుమ్మచెట్ల ఆకు కదలడం లేదు. ఎడమ చేతి వైపు కాలువ. "సూడు" అని మామ రెండు చేతులూ స్టీరింగు మీది నుంచి తీసి తొడల మీద పెట్టుకున్నాడు. ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత స్టీరింగు కదిలింది. కుదుపు లేదు, ఊపు లేదు. నిద్రలో ఉన్నవాళ్ళను లేపకుండా తలుపు తీసే మనిషిలాగా, మెల్లగా, చాలా మెల్లగా కాలువ వైపు తిరిగింది. తిరిగేకొద్దీ వేగం పెరిగింది. మామ పట్టుకొని బలంగా వెనక్కి తిప్పి బండి ఆపాడు. ఇంజను ఆడుతూనే ఉంది. "ముట్టుకో" అన్నాడు. స్టీరింగు ముట్టుకున్నాను. అంత ఎండలో అది చల్లగా ఉంది. నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాయాలి: అది చల్లగా ఉంది. తర్వాత నాకు అన్నిటికీ కారణం దొరికింది గాని ఆ చల్లదనానికి మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

"నా చెయ్యి కింద బండి లేదు అల్లుడా. ఇంకో చెయ్యి ఉండాది" అన్నాడు మామ.

నేను మోటారు పని తెలిసినవాణ్ణి. ఆ సంగతి నాకు ఆ నిమిషాన గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చింది తెరిచిన తలుపూ, సీటు మీది తొడుగూ. భయపడ్డాను. అందులో నా తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇంటికి వచ్చి చక్రాల్లో గాలి చూశాను, నట్లు బిగించాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మామ మాట ఊళ్ళో పాకింది. జేజి ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. దర్గా నుంచి ఒక ఫకీరును పిలిపించి కారు లోపల సాంబ్రాణి వేయించారు. ఆ పొగ తోలు సీట్లకు పట్టుకొని నెలరోజులు పోలేదు. చిన్నాయన మాత్రం నమ్మలేదు. "దొరసానికి కాలువలో ఇంకేం పని లేదా, నా కారు ఎనకనే పడుతాది?" అని కసిరి, మామను మామూలుగానే తోలమన్నాడు.

అప్పుడు ఎవరూ గమనించనిది ఒకటుంది. తిరుగు ప్రయాణంలో కాలువ కుడివైపు ఉంటుంది. అప్పుడు కూడా ఆ కారు ఎడమకే పోయేది. ఎడమవైపు కొర్ర చేలు. చేలోకి పోయిన కారును మామ నవ్వుకుంటూ మళ్ళీ రోడ్డెక్కించేవాడు. దాన్ని ఎవరూ దయ్యం లెక్కలో వేయలేదు. చేలల్లో ఎవరూ చచ్చిపోలేదు మరి. ఎదురు బండ్లకు దారి ఇవ్వాలంటే ఎడమకే తప్పుకోవాలి, రోడ్డు అంచు ఎడమకే వాలి ఉంటుంది. ఆ కారు కాలువ వైపు ఎప్పుడూ చూడలేదు. పల్లం ఎటుంటే అటు చూసింది. కాని మనం కాలువ వైపు చూసినవే గుర్తుపెట్టుకున్నాం.

జరగాల్సింది ఆ వేసవికి ముందే జరిగింది. చిన్నాయన కర్నూలు పోతున్నాడు. తుమ్మచెట్ల దగ్గర శనగకట్టెల బండి ఎదురైంది. మామ ఎడమకు తప్పించాడు. తప్పించిన స్టీరింగు తిరిగి రాలేదు, ఇంకా లోపలికి తిరిగింది. కారు కట్ట దిగి కాలువలో కూర్చుంది. మామ తలుపు విరగ్గొట్టి, నడుము లోతు నీళ్ళలో చిన్నాయనను భుజాన వేసుకొని గట్టెక్కించాడు. చెయ్యి విరిగిన బాధ కంటే తలపాగా కొట్టుకుపోయిన బాధ ఎక్కువై చిన్నాయన గట్టు మీద కూర్చొని "పాగా, పాగా" అని అరుస్తుంటే, బండివాడు నవ్వు ఆపుకోలేక అవతలికి తిరిగాడట. ఊరికి వచ్చేసరికి నవ్వు లేదు. చిన్నాయన కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, "దయ్యం ఉండేది కారులో గాదు, వీని మిందనే ఉండాది" అన్నాడు.

ఎద్దులు కట్టి కారును లాగి చావిట్లోకి తెచ్చాం. మరుసటి రోజు మధ్యాహ్నం నేనొక్కణ్ణే ముందుభాగం విప్పాను. బోల్టు వదిలి కమాను లేపగానే బిళ్ళ కనిపించింది. గ్రీజు తుడిచాను. ఎర్రచుక్క ఉంది. ఆ చుక్క మందపు అంచు మీద ఉంది. గోటితో గీకితే ఎరుపు వేలికి అంటుకుంది, నూనె కుంకుమ. నా రంగు చుక్కను కిరసనాయిలు ఎప్పుడో తుడిచేసింది. జేజి కళ్ళకు మందంగా, వెడల్పుగా ఉన్నదే బిళ్ళకు ముఖం. ముఖానికే కదా బొట్టు పెట్టేది! రెండు బిళ్ళలూ అంతే. ఇరుసు వెనక్కి వాలాల్సింది ముందుకు వాలింది. సైకిలును సీటు పట్టుకొని ముందుకు తోయండి, హ్యాండిలు తనంతట తానే తిన్నగా ఉంటుంది. వెనక్కి తోయండి, రెండు బారలు పోకముందే గిరుక్కున పక్కకు తిరిగిపోతుంది. మా కారు ముందుకు పోతూ ఆ పని చేసింది. దొరసాని లేదు. నేనున్నాను.

బిళ్ళలు రెండూ తిప్పి సరిగ్గా పెట్టి బిగించాను. చేతులు కడుక్కొని, చెప్పేద్దామనే బయటికి వచ్చాను. అరుగు మీద చిన్నాయన, ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు కూర్చొని ఉన్నారు. కింద మామ నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకొని. నన్ను చూడగానే ఆయన ముఖంలో ఏదో వెలిగింది. నేనేదో కనిపెట్టుకొని వచ్చానని ఆయనకు తెలిసిపోయినట్టుంది.

"ఏమిరా, కారులో ఏమన్నా తప్పుండాదా?" చిన్నాయన అడిగాడు. "నిజం చెప్పు. నీ పనిలో లోపముంటే షెడ్డు మాట మర్చిపోదాం."

"ఏం లేదు చిన్నాయనా. కారు సరిగ్గానే ఉండాది" అన్నాను.

ఆ మాట అన్న క్షణానికి అది నిజమే. కారు సరిగ్గానే ఉంది, గంట క్రితం నుంచి. ఆ గంటను పట్టుకొని నేను చాలా ఏళ్ళు బతికాను. పండగపూట చేసిన పని వల్ల ఇంత జరిగిందని తెలిస్తే జేజి కుమిలిపోతుందని కూడా చెప్పుకున్నాను. జేజి తట్టుకునేదే. ఆమె చాలా చూసిన మనిషి. నేను తట్టుకోలేనిది షెడ్డు పోవడం.

మామ నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "అల్లుడు చెప్పినాడు గదా. అట్లయితే నా మిందనే ఉన్నట్టుండాది" అని, ఎవరితోనో పరాయివాడి సంగతి చెప్పినట్టు చెప్పి, వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. కొత్త డ్రైవరు వచ్చాడు. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. తుమ్మచెట్ల దగ్గర కూడా. ఇంతకంటే రుజువు ఏం కావాలి? దొరసాని కారును వదిలి సాయిబుతో పోయిందని ఊరంతా తేల్చేసింది. అత్త నీళ్ళకు వస్తే బావి దగ్గర ఆడవాళ్ళు కడవలు ఎత్తుకొని లేచిపోయేవాళ్ళు. డోనులో పాత లారీ యజమానులు కూడా మామకు బండి ఇవ్వలేదు. క్లీనర్లు ఆయన పక్కన కూర్చునేది లేదన్నారు. చివరికి ఇల్లు వదిలి అత్త పుట్టింటికి కడపకు పోయారు. నాకు కర్నూల్లో షెడ్డు వచ్చింది. రాజధాని హైదరాబాదుకు పోయింది గాని నా షెడ్డు పోలేదు. ముందుభాగం పనికి నా చెయ్యి మంచిదని పేరు వచ్చింది. ఆ పని చేసిన ప్రతిసారీ వాలు కొలిచేవాణ్ణి.

జేజి, చిన్నాయన ఇద్దరూ పోయాక కడపకు పోయాను. అప్పటికి చెప్పడానికి నాకు అడ్డం లేదు, అంటే నష్టం లేదు. మామ దర్గా దగ్గర సాంబ్రాణి అమ్ముతున్నాడు. ఇల్లు ఊరి చివర. ఇంటి వెనక కాలువ. ఏం కాలువని అడిగితే, కేసీ కాలువేనని అత్త చెప్పింది. ఎక్కణ్ణుంచి పారిపోయి వచ్చాడో ఆ నీళ్ళే పల్లె పల్లె దాటుకుంటూ ఆయన పెరటి వెనక్కి చేరుతున్నాయి. మామ మంచం ఎప్పుడూ కాలువకు వీపు పెట్టి వేసుకొనేవాడట. "నీళ్ళెంబడే వచ్చినాది అల్లుడా. ఇడిసి పెట్టదు" అన్నాడు నన్ను చూసి, పలకరింపుగా.

చెప్పాను. బిళ్ళలు, బొట్టు, సైకిలు, అరుగు మీద నేనన్న మాట, అన్నీ. మామ మొత్తం విన్నాడు. చివరికి, "అయితే నా చెయ్యి గాదు" అన్నాడు.

"కాదు మామా."

"ఆమె చెయ్యీ గాదు."

"కాదు. నాది."

నన్ను తిడతాడని, కొడతాడని, కనీసం పొమ్మంటాడని కాచుకొని ఉన్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. లేచి, మెల్లగా మంచాన్ని ఎత్తి, కాలువ వైపు తిప్పి వేసుకొని కూర్చున్నాడు. "ఇన్నేండ్లు ఆయమ్మను తిట్టినా. నమాజులో గూడా తిట్టినా" అన్నాడు, కాలువ నీళ్ళతో చెప్పినట్టు. "యాడ పుట్టిందో, ఈడికొచ్చి సచ్చె. ఏ పాపం తెలీని మనిషి."

నా జీపు చూపించి, ఒక్కసారి తోలు మామా అన్నాను. వచ్చి కూర్చున్నాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టలేదు. స్టీరింగు పట్టుకొని, మళ్ళీ వదిలి, దిగిపోయాడు. చేతులు మర్చిపోయినాయి అన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి అన్నీ విన్నది. నేను బయలుదేరుతుంటే వెనకే వచ్చి, "ఈ మాట ఈడ చెప్పి ఏం లాబమప్పా? మమ్మల్ని సూసి తలుపులేసుకున్య ఊర్లో చెప్పు" అంది. అల్లుడా అనలేదు.

చెప్పాను. ఊరికి పోయి, పదిమంది కూర్చున్న చోట, నిలబడి చెప్పాను. విన్నారు. ఒకాయన లేచి నా భుజం తట్టాడు. "నువ్వు మంచోనివిలేప్పా. ముసలి సాయిబు పేరు నిలబెట్టల్లని నీ మింద ఏసుకుంటాండావు. ఈ కాలంలో ఎవురు చేస్తారు?" ఇంకొకడు, "బిళ్ళలు తిరగబడినాయనే అనుకుందాం. అట్లయితే ఆ తొడుగు ఎవరిది?" అని అడిగాడు. ఏ తొడుగూ ఆ కారులో ఆ రోజు లేదని నేను చెప్పేలోపలే ఇంకొకడు తాను కళ్ళారా చూశానన్నాడు. ఆ రోజు నుంచి నా మంచితనం గురించి కూడా ఊళ్ళో ఒక కథ ఉంది. మామ పోయినప్పుడు కడపకు ఆ ఊరి నుంచి వెళ్ళింది నేనొక్కణ్ణే. తర్వాత రెండేళ్ళకు అత్త కూడా పోయింది.

బస్సులో ఆ పెద్దమనిషికి నేను ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఏమంటాడో నాకు తెలుసు కాబట్టి. రాసింది అయితే భుజం తట్టి కూర్చోబెట్టలేరని ఇలా రాశాను. దర్గా దగ్గర సాంబ్రాణి అమ్మిన ఆ మనిషి ఈ సీమలో నేను చూసినవాళ్ళందరిలోకీ మంచి డ్రైవరు, ఆయన మీద ఏ దొరసానీ ఎప్పుడూ లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ అబద్ధానికి కళ్ళారా చూసినవాళ్ళు కొత్తగా పుడుతూనే ఉన్నారు. నిజానికి ఉన్న ఒక్క సాక్షి మాత్రం ముసలివాడవుతున్నాడు.